పదహారు రంగుల తెర

ముందు మీ మొహం మీదే అనాలి. ఈ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ పెద్దలూ, దాన్ని ఏళ్ళ తరబడి వాడుకుని అరిగిపోయాక మా ఊరికి దానమిచ్చి ఫోటో దిగిపోయిన నాగ్‌పూర్ సంస్థవాళ్ళూ, ఇది మీ పనే. ఈ యంత్రం చావలేదు. చచ్చిందని మీరు రాసుకున్నారు, అంతే. బటన్ నొక్కితే ఇప్పటికీ ఫ్యాన్ తిరుగుతుంది. రెండు అక్షరాలు తప్ప కీబోర్డు అంతా పడుతుంది. బ్యాటరీ పోయింది, పోనీ, కరెంటు ఉన్నంతసేపు నడుస్తుంది. దానికి కావలసింది ఒక చిన్న ఫైలు. తెర మీద బొమ్మ ఎట్లా చూపాలో యంత్రానికి చెప్పే ఫైలు. వీడియో డ్రైవర్ అంటారు. అది మీ వెబ్‌సైటులో ఉండేది. తీసేశారు. అక్కడ పడి ఉంటే అది ఎవరి కూడు తిన్నది?

ఆ ఫైలు లేక సాంబన్న పొలం పోయేదాకా వచ్చింది. ఎట్లాగో చెబుతాను. కథలాగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఊరు మహారాష్ట్రలో, సిరోంచకు ఎగువన ప్రాణహిత ఒడ్డు మీద ఉంది. ఏటి పక్క పొలాలకు పట్టాలున్నాయి. అడవి అంచు పొలాలకు లేవు. సాంబన్న కుటుంబం తరాలుగా ఆ అంచునే వరి పండిస్తోంది. మా నాయిన అక్కడ కూలి చేశాడు. నేను చిన్నప్పుడు ఆ పొలంలో పిట్టలు తోలాను. అయినా సర్కారు రాతల్లో అది అడవి, సాంబన్న దాన్ని ఆక్రమించినవాడు. కొత్త చట్టం వచ్చింది, అడవి భూమి దున్నుకుని బతికేవాళ్ళు హక్కు అడగవచ్చని. అయితే గోండులు కాని మాలాంటివాళ్ళు డెబ్బయి అయిదేళ్ళ నుంచి అక్కడే ఉన్నట్టు చూపాలట. డెబ్బయి అయిదేళ్ళ నాటి కాగితం ఎవరింట్లో ఉంటుంది? చెదలు తినగా, వరద తీసుకుపోగా మిగిలింది మనుషులే. పెద్దమనిషి మాట కూడా సాక్ష్యమేనని ఆ చట్టంలోనే ఉంది. అది నేను మూడు భాషల్లో తెప్పించుకుని చదివాను. కచేరీలో కూర్చున్నవాళ్ళు చదివారో లేదో నాకు తెలియదు.

సాంబన్న మనుమరాలు భాగ్య సిరోంచలో కంప్యూటర్ కోర్సు చేసింది. దానమొచ్చిన ల్యాప్‌టాప్ ఊరి తరఫున ఆమె ఇంట్లోనే ఉండేది. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే సాగర్ దగ్గర చిన్న కెమెరా అడిగి తెచ్చి, పోయిన చలికాలం తాతను పొలమంతా నడిపిస్తూ వీడియో తీసింది. సాంబన్న చేతికర్ర ఎత్తి ఒక్కొక్కటీ చూపించాడు. పూడిపోయిన బావి చూపించాడు. తండ్రి కాలంలో వేసిన ఒడ్డు, అదే పొలం గట్టు, చూపించాడు. పొలం నడుమ నల్లబండ ఉంది, దాని మీద రోలు చూపించాడు. అది తెచ్చి పెట్టిన రోలు కాదు, బండలోనే తొలిచింది. తరతరాల ఆడవాళ్ళు వడ్లు దంచీ దంచీ మోచేతి లోతు దిగింది. నిన్న మొన్న వచ్చి ఆక్రమించినవాడి పొలంలో అంత లోతు రోలు ఉండదు.

వీడియో తీసిన కొన్నాళ్ళకే సాంబన్నకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ఇక ఆ వీడియోయే సాంబన్న.

తర్వాత ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టింది. అల్లపల్లి దుకాణంలో ఇస్తే విండోస్ ఉన్న భాగం తుడిచి కొత్తగా వేశారు. వీడియో వేరే భాగంలో ఉంది కాబట్టి బతికింది. కాని తెర పాడయింది. అక్షరాలు గుమ్మడికాయలంత, రంగులు పదహారే. వీడియో తెరిస్తే నల్లటి డబ్బా, అందులోంచి గొంతు. దుకాణంవాడు "డ్రైవర్ దొర్కలే, గట్లనే వాడుకోన్రి" అని చేతిలో పెట్టాడు.

రెండువేల తొమ్మిది మార్చిలో సిరోంచలో ఆ హక్కులు తేల్చే కమిటీ కూర్చుంది. ఒక బడి హాల్లో. ప్రొజెక్టర్ వాళ్ళే తెచ్చారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భాగ్య వైరు తగిలించింది. గోడ మీద పెద్ద నల్ల చదరం పడింది. అందులోంచి సాంబన్న మాట్లాడుతున్నాడు.

"ఇగో, ఈడ చూడు బిడ్డా. ఇది ఎవలు తొల్సిన్రో ఎరుకేనా? మా నాయినమ్మోళ్ళ అత్త. ఇగ గా ఒడ్డు కనవడ్తందా, ఆడికెల్లి ఈడిదాంక మాది. గా మోదుగు చెట్టు దాటితె మాది కాదు. అది అడివి. అబద్దం ఎందుకు చెప్పాలె."

భాగ్య ప్రతి మాటా మరాఠీలో చెప్పింది. కమిటీ సాహెబ్ కాసేపు గోడనే చూశాడు.

"ఈడ అంటే ఎక్కడ?" అన్నాడు.

"ఆ బండ దగ్గర, సర్."

"ఏ బండ?"

"వీడియోల ఉంది సర్. బొమ్మ వస్తలేదు."

"మరి ఒడ్డు ఎక్కడ, చెట్టు ఎక్కడ? ఈ గోడ మీద నేను ఏం చూసి రాసుకోవాలి?"

వెనక బెంచీల్లో నవ్వారు. నవ్వినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. సాహెబ్ చెడ్డవాడని నేను అనను. ఇంకో తారీఖు ఇచ్చాడు, మే నెలాఖరులో. "బొమ్మతో రండి. గొంతు ఒక్కటే పురావా కాదు" అన్నాడు. పురావా అంటే సాక్ష్యం. ఇక్కడ కచేరీ మాటలన్నీ మరాఠీలోనే నడుస్తాయి.

వేరే కంప్యూటర్లో వేసి చూపొచ్చు కదా అంటారు. ఏ కంప్యూటర్? కమిటీవాళ్ళ దాంట్లో బయటి సరుకు ఏదీ పెట్టనివ్వరు, వైరస్ భయం. బడి కంప్యూటర్ వైర్లు ఎలుకలు కొరికాయి. నెట్ సెంటర్ అతను తన డబ్బాను గుంతల రోడ్డు మీద పంపనన్నాడు. సాహెబ్‌నే నెట్ సెంటర్‌కు రమ్మంటే, నేనేమైనా సినిమాకు వచ్చానా అన్నాడు. సీడీలో ఎక్కించి టీవీకి పెడితే ఆ ఫైలు ప్లేయర్‌కు అర్థం కాలేదు. అన్ని తలుపులూ తట్టాకే ఈ డ్రైవర్ వెంట పడ్డాం. మాకేం సరదా లేదు.

మా ఊళ్ళో సెల్ మాట్లాడాలంటే ఏటి ఒడ్డుకు పోవాలి. అవతలి ఆంధ్రా టవర్ సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. నేనూ భాగ్యా ఇసుకలో నిలబడి కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. చాలాసేపు పాట వినిపించారు. ఆ తర్వాత హిందీలో ఒక అబ్బాయి వచ్చాడు.

"మోడల్ నంబరు చెప్పండి సర్."

"పైన మీ కంపెనీ పేరు ఒక్కటే ఉంది."

"కింద స్టిక్కర్ మీద ఉంటుంది సర్."

భాగ్య తిరగేసి చూసింది. స్టిక్కర్ లేదు. ఆ చోట జిగురు మరక ఉంది. ఊడిపోయిందని చెప్పాను.

"నంబరు లేకుండా ఏమీ చెప్పలేం సర్. ఎట్లాగూ ఆ సిరీస్ మొత్తానికీ సపోర్ట్ ఆపేశాం. కొత్త మోడల్ మీద ఆఫర్ నడుస్తోంది, వివరాలు చెప్పమంటారా?"

నేనేమన్నానో రాస్తే అచ్చు వేయరు. భాగ్య ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"ఆ పిలగాడేం జేస్తడు కాకా," అంది. "ఆనిది గూడ కూలే గద."

"కూలోడైతె కూలోని లెక్క మాట్లాడాలె. ఆఫర్ చెప్తడా?"

"ఆనికి గట్లనే చెప్పమని రాసిచ్చి ఉంటరు. నడువు, ఎండ కొడ్తంది."

సిరోంచ నెట్ సెంటర్‌లో టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్. డ్రైవర్ అని కనిపించిన ఏ ఫైలైనా సగం దిగేసరికి లైను తెగేది. మళ్ళీ మొదటి నుంచి. ఏప్రిల్ అంతా అదే. భాగ్య కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంటికి పోతే మంచం మీద తాత, అతనికి అన్నం తినిపించడం, గుడ్డలు మార్చడం. ఆమె తల్లి, సాంబన్న కోడలు, లక్ష్మక్క ఒక్కతే పొలం పని చూసుకుంటోంది. తండ్రి ఎప్పుడో పోయాడు. పొలం పోతే ఆ ఇంట్లో ఇంకేమీ లేదు. అదే సమయంలో అడవి శాఖవాళ్ళు టేకు మొక్కల కోసం ఆ అంచున గుంతలు తవ్వించడం మొదలుపెట్టారు. తవ్వే కూలీలు మావాళ్ళే. వాళ్ళను ఏమనాలి, కూలి దొరికింది, తవ్వుతున్నారు.

మే నెలలో మంచిర్యాలకు పోయాం. నేను, భాగ్య, లక్ష్మక్క. ల్యాప్‌టాప్‌ను లక్ష్మక్క పాత చీరలో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుంది. పడవలో ప్రాణహిత దాటి, ఇసుకలో నడిచి, చెన్నూరు మీదుగా బస్సులో పడి చేరేసరికి ముగ్గురమూ దుమ్ము కొట్టుకుపోయాం. రిపేరూ నెట్టూ ఒకే గదిలో నడిపే శంకరన్న దుకాణం బస్టాండ్ వెనక ఉంది. అతను మూట విప్పుతూ లక్ష్మక్కను చూశాడు.

"ఇదేందక్కా, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చినవ్."

"పిల్లయితె ఈపాటికి పెద్దదయి ఇంత వండిపెట్టేది," అంది లక్ష్మక్క.

అతను యంత్రాన్ని బోర్లించాడు. వీపు నిండా పసుపు, కుంకుమ బొట్లు. ఫ్యాన్ జల్లెడలో కూడా కుంకుమ ఇరుక్కుని ఉంది.

"ఈ బొట్లేందే అక్కా?"

"దసరకు పెట్టిన. నాగలికి పెడ్తం, కొడవండ్లకు పెడ్తం, కుట్టు మిషన్‌కు పెడ్తం. దీనికెందుకు పెట్టొద్దు?"

"పెట్టు, నేనెక్కడ వద్దన్న. మరి ఈడ స్టిక్కర్ ఉండాలె. నంబర్లు ఉంటయి దాని మీద. ఏది?"

లక్ష్మక్క తన గోళ్ళు చూసుకుంది. తర్వాత మెల్లగా అంది.

"మాసిన కాయితం ఒకటి ఉండె. చింతపండు పెట్టి తోమిన. పోకపోతె గోరుతోని గీకిన."

"అమ్మా," అంది భాగ్య.

"మాసినదానికి ఎవలన్న బొట్టు పెడ్తరానే? కొడవలైనా తోమినంకనే గద పెట్టేది."

"కొడవలికి నంబర్ ఉంటదా? నువ్వు గీకింది కాయితం కాదే. తాత పొలం గీకినవ్."

 ఎప్పుడూ కూతురికి ఎదురు చెప్పే లక్ష్మక్క ఆరోజు చీర మూటను మడత పెడుతూ కూర్చుంది. నాకు లక్ష్మక్క మీద కోపం రాలేదు. పనిముట్టును కడిగి బొట్టు పెట్టడం ఆమెకు తెలిసిన మర్యాద. యంత్రం పేరును గోరుతో గీకితే పోయే కాగితం మీద రాసినవాడికి ఆ మర్యాద లేదు.

శంకరన్న కంపెనీ సైటు తెరిచాడు. ఆ సిరీస్ పేరు కొడితే కొత్త ల్యాప్‌టాప్‌ల బొమ్మలు, నవ్వుతున్న ఆడపిల్లలు. పాత మోడళ్ళ జాబితా లేదు. వేరే సైట్లకు పోయాడు. డౌన్‌లోడ్ అని పచ్చటి బటన్లు ఒకదాని మీద ఒకటి, ఏది నొక్కినా ఇంకేదో దిగుతుంది. దిగినవాటిలో డ్రైవర్‌లా కనిపించినవి ఒక్కొక్కటే ఎక్కించి ఆపి మళ్ళీ పెట్టాడు. ఒకదానికి తెర మీద అడ్డంగా గీతలు పడ్డాయి. ఇంకోదానికి మొత్తం తెల్లగా అయిపోయింది, అక్షరం లేదు. దాన్ని వెనక్కి తీసుకురావడానికే చాలాసేపు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. బయటికి పోయి టీ తాగి వచ్చాం. మళ్ళీ కూర్చున్నాం. ఫ్యాన్ వేడిగాలి కొడుతోంది. లక్ష్మక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

సాయంత్రానికి శంకరన్న చేతులు ఎత్తేశాడు.

"ఇగ నాతోని కాదన్నా. ఇది మ్యూజియంల పెట్టే మాల్. కొత్తది తీస్కోన్రి."

"కొత్తది నువ్విస్తవా?"

"నేనెందుకిస్త?"

"మరెందుకు జెప్పినవ్? ఎవన్ని అడిగినా కొత్తది కొనుడే చెప్తడు. మనిషి ముసలోడైతె గూడ కొత్తోన్ని కొనుక్కోమంటవా?"

"అన్నా, నా మీద పడితె ఏమస్తది? నేను ఫ్యాక్టరీ పెట్టిన్నా?" అని అతను పక్క గిరాకీ దగ్గరికి పోయాడు.

అతను చెప్పింది నిజమే. నేను ఎప్పుడూ దొరికినవాడి మీద పడతాను. దొరకాల్సినవాళ్ళు దొరకరు.

భాగ్య ఖాళీ కుర్చీలోకి జరిగింది. లోపలి సామాన్ల జాబితా తెరిచింది. అందులో ఒకచోట పసుపుపచ్చ ప్రశ్నార్థకం గుర్తు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"మీద పేరు లేకపోతె లోపలి దాని పేరు అడుగుత కాకా. బొమ్మ చూపెట్టే ముక్క ఒకటుంటది గద లోపల. దానికి గూడ ఏదో నంబర్ ఉన్నట్టున్నది."

ఆ గుర్తు మీద నొక్కితే అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు వెతుకుడు పెట్టెలో వేసింది. మొదటి పేజీ పనికిరాలేదు. రెండోదీ అంతే. ఆ తర్వాత ఏదో మాటామంతీ పేజీలో ఎక్కడో చలి దేశంలోని ఒకాయన వచ్చీరాని ఇంగ్లీషులో రాసి ఉన్నాడు. భాగ్య చదివి చెప్పింది. ఈ ముక్కకు కంపెనీ డ్రైవర్ తీసేసింది, నా పాత డబ్బాలో ఒకటి మిగిలింది, కొత్త విండోస్‌లో కూడా నడిచేట్టు కొంచెం మార్చాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. దాని కింద ఏవేవో దేశాల నుంచి థాంక్స్ చెప్పినవాళ్ళు. అందరిదీ ఇదే పాత యంత్రం, ఇదే గోస. ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. మేమే చివరివాళ్ళం అనుకున్నాను.

ఫైలు దిగింది. ఎక్కించింది. ఆపి మళ్ళీ పెట్టింది. తెర నల్లగా అయింది. నల్లగానే ఉండిపోయింది. భాగ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. తర్వాత ఒక్కసారి మిణుకుమని, అక్షరాలు చిన్నవయ్యాయి, వెనక రంగు వచ్చింది. ఆమె ఏమీ అనకుండా వీడియో తెరిచింది.

పొలం. పచ్చటి వరి. చేతికర్రతో సాంబన్న మా వైపు నడిచి వస్తున్నాడు.

కళ్ళు తెరిచిన లక్ష్మక్క గబుక్కున కుర్చీలోంచి లేచి కొంగు తలమీదికి లాక్కుని పక్కకు నిలబడింది.

"ఎందుకు లేచిన్రక్కా?" అన్నాడు శంకరన్న.

"మామ వచ్చిండు," అంది.

భాగ్య తల్లి వైపు చూసింది. కొట్లాట అక్కడితో అయిపోయింది. ఇద్దరూ ఒకరికొకరు సారీ గీరీ ఏమీ చెప్పుకోలేదు. తిరుగు బస్సులో లక్ష్మక్క కూతురి భుజం మీద నిద్రపోయింది.

మే నెలాఖరులో మళ్ళీ అదే హాలు. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. సాంబన్నను కూడా జీపులో తెచ్చి బెంచీ మీద పడుకోబెట్టాం, మనిషి ఉన్నాడని చూపడానికి. ఎండకు సోలిపోయి ఆయన నిద్రపోయాడు. గోడ మీద మాత్రం ఆయన నడిచాడు. కర్ర ఎత్తి ఒడ్డు చూపించాడు. మోదుగు చెట్టు చూపించాడు. బండ మీద వంగి, రోటిలో చెయ్యి పెట్టి, మోచేయి దాకా మునిగిందని చూపించాడు. అప్పుడు వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు.

సాహెబ్ ఆ ముక్కను మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి లేచి గోడ దగ్గరికి పోయి చూశాడు.

"ఇది పాత రోలే," అన్నాడు మరాఠీలో. "ఇది ఈ పొలంలోదేనని నేను ఎట్లా రాయాలి? తలాఠీ, అడవి శాఖ మనిషి, ఇద్దరూ స్థలం చూసి పంచనామా రాయాలి." తలాఠీ అంటే ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ.

"రేపే రమ్మనండి," అన్నాను.

అడవి తరఫున వచ్చినాయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మొక్కల పని నడుస్తోంది. మనుషులు లేరు. వానలు తగ్గాక చూద్దాం."

"వానలు తగ్గేసరికి అక్కడ మీ టేకు మొక్కలుంటయి. అప్పుడొచ్చి, ఇక్కడ పొలం ఏదని అడుగుతరు."

"మీరు గొంతు తగ్గించి మాట్లాడండి."

"నేను ఇంతకంటె తగ్గించలేను. గొంతు తగ్గినోడు గా బెంచీ మీద పండుకొనున్నడు."

సాహెబ్ చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపాడు. ఫైలు మూశాడు. వానల తర్వాత అని రాయించి, పక్క ఊరివాళ్ళను పిలిచాడు. భాగ్య వైరు పీకింది. లక్ష్మక్క దుప్పట్లు విప్పింది. మామను లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

నిన్న పొలానికి పోయి చూశాను. గుంతలు ఒడ్డు దాటాయి. నల్లబండ అవతలి పక్క తవ్వుతున్నారు. రెండు వానలు పడ్డాయంటే మా ఊరి వాగు నిండి దారి మూసుకుపోతుంది, ఏ సాహెబూ రాడు, రాలేకపోయామని రాసుకుంటాడు.

కంపెనీవాళ్ళతో ఇక నాకు మాట లేదు. వాళ్ళు తీసేసిన ఫైలు భాగ్య పెన్‌డ్రైవులో ఉంది, ఎవరికి కావాలంటే వాళ్ళు ఖాళీ సీడీ పట్టుకుని రండి, ఎక్కించి ఇస్తుంది. ఇప్పుడు మాట్లాడేది కమిటీతో. మీరు బొమ్మ అడిగారు, తెచ్చాం. చూశారు, రెండుసార్లు చూశారు. ఇక సాకు లేదు. ఆ గుంతల పని ఈ వారమే ఆపించండి. వాగు రాకముందే తలాఠీని, అడవి మనిషిని ఒకే జీపులో ఎక్కించి పంపండి. కొలిచే టేపు తెమ్మనండి. పొలం దగ్గరే, ఊరివాళ్ళందరి ముందు పంచనామా రాసి, సంతకాలు పెట్టి, ఒక ప్రతి లక్ష్మక్క చేతికి ఇచ్చి పోండి.